పాత నేరస్థుడు అంటే ఎప్పటివాడు?

ఆ మధ్య మా ఇంట్లో బోరు మోటారు స్టార్టరు కాలిపోయి నీళ్ళు ఆగిపోయాయి. తెలిసినవాళ్ళు ఒక ఎలక్ట్రీషియన్ నంబరు ఇస్తే పిలిపించాను. యాభై దాటిన మనిషి. మెయిన్ ఆపేశాక కూడా టెస్టరు పెట్టి రెండుసార్లు చూసుకుని గానీ పెట్టె మూత విప్పలేదు. విప్పిన మరలను ఒక్కొక్కటిగా ఆ మూతలోనే, ఏ మూలది ఆ మూలలో పెట్టుకున్నారు. కాయిల్ మార్చి, నల్లబడిన కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్ది, మోటారు వేసి, ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు చేతులు కడుక్కున్నారు.

ఆయన గేటు దాటిన పది నిమిషాలకు పై అంతస్తు ఆవిడ దిగి వచ్చారు. గొంతు తగ్గించి, "ఏమండీ, ఆయన ఖైదీ అట. మీకు తెలుసా?" అన్నారు.

నాకు తెలియదు. "ఏం చేశాడట?" అని అడిగేశాను. అడిగాక గానీ నా మాట నాకు వినిపించలేదు. పది నిమిషాల కిందటి వరకు నా నోట "వచ్చారు, చేశారు, కడుక్కున్నారు" అని నడిచిన మనిషి ఒక్క మాటతో "చేశాడు" లోకి జారిపోయాడు. మధ్యలో ఆయన చేసినదేమీ లేదు. మా మోటారు బాగుచేసి వెళ్ళారు, అంతే.

ఆవిడకు తెలిసినదీ, తర్వాత ఆయనే నాకు చెప్పినదీ కలిపితే సంగతి ఇది. పొలం గట్టు దగ్గర రెండు కుటుంబాల మధ్య కొట్లాట జరిగింది. ఒక మనిషి ప్రాణం పోయింది. ఈయనకు పదేళ్ళ శిక్ష పడింది. సత్ప్రవర్తనకు వచ్చిన మినహాయింపులు పోను ఎనిమిదేళ్ళు లోపల ఉన్నారు. వైరింగు పని అక్కడే నేర్చుకున్నారు. బయటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. అంటే లోపల గడిపిన కాలం కంటే బయట గడిపిన కాలమే ఎక్కువ. అయినా మా మెట్ల మీద ఆయన ఖైదీయే.

ఖైదు అనేది మనకు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. అక్కడ దానికి సంకెల, బంధం అని అర్థం. సంకెలలో ఉన్నవాడు ఖైదీ. సంకెల తీసేసి, సామాను అప్పగించి, పెద్ద గేటులోని చిన్న తలుపు తీసి పంపేసిన తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఒక మనిషిని ఖైదీ అంటున్నామంటే, ఇంకా ఏ సంకెల మిగిలి ఉన్నట్టు? ఆ రోజు నుంచి ఈ మాటలే నా తలలో తిరుగుతున్నాయి. ఖైదీ, దోషి, నేరస్థుడు, దొంగ, హంతకుడు. వీటికి ముగింపు తేదీ ఎందుకు లేదు?

ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం

ఈ విషయం మీద మాట్లాడే ముందు నా బాకీ ఒకటి చెప్పుకోవాలి. నేను పత్రికల డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను. సుమారు ఇరవై ఏళ్ళ కిందట జిల్లా పేజీలో ఒక దొంగతనం వార్తకు "పాత నేరస్థుడి అరెస్టు" అని శీర్షిక పెట్టాను. మూడే ముక్కలు, ఒకే కాలమ్‌లో చక్కగా ఇమిడిపోయాయి. అలాంటి శీర్షికలు రోజూ పెట్టేవాళ్ళం. ఇంకో రెండు పేజీలు చూసుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

నాలుగైదు రోజులకు ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. పట్టుకుపోయిన మనిషికి అక్క. చేతిలో మడతలు పడిన ప్లాస్టిక్ కవరు, అందులో జైలు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన కాగితం. ఊదారంగు ముద్ర సగం చెరిగిపోయి ఉంది. తమ్ముడు ఎప్పుడో ఆరేళ్ళ కిందట ఒక దొంగతనం కేసులో శిక్ష అనుభవించాడు, అది నిజమే అంది. ఇప్పటి కేసులో అసలు దొంగ వేరే దొరికాడు, పోలీసులు తమ్ముణ్ణి రెండో రోజే వదిలేశారు. కానీ పత్రిక ఊరంతా చదివింది. అతను పనిచేస్తున్న చోట ఇక రావద్దన్నారు.

కవరు బల్ల మీద పెట్టి ఆవిడ ఒక్కటే అడిగింది: "పాత అంటే ఇప్పుడు కాదనే కదమ్మా? మరి ఇప్పుడెందుకు రాశారు?"

నా దగ్గర జవాబు లేదు. మా డెస్కు పెద్దాయనను అడిగితే "మనం రాసినదాంట్లో అబద్ధం ఏముంది? వాడు పాత నేరస్థుడే కదా" అన్నారు. సవరణ వేయలేదు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆవిడ ఆ కాగితాన్ని మళ్ళీ మడతల వెంబడే మడిచి కవరులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగింది భాష ప్రశ్న. అంత సూటి ప్రశ్నను నేను ఏ వ్యాకరణ పుస్తకంలోనూ చూడలేదు. తెలుగులో పదవి పోయినవాడికి "మాజీ" తగిలిస్తాం. మాజీ మంత్రి, మాజీ సర్పంచి, మాజీ సైనికుడు. మాజీ అన్నా గతించినది అనే అర్థంతో అరబ్బీ నుంచి వచ్చిన మాటే. తుపాకీ పట్టి అడవిలో ఏళ్ళ తరబడి ఉండి, లొంగిపోయి వచ్చినవారిని కూడా పత్రికలు "మాజీ మావోయిస్టు" అని రాస్తాయి. రాయాలి కూడా. మరి ఒక సైకిలు దొంగిలించి, శిక్ష పూర్తిచేసి వచ్చినవాణ్ణి "మాజీ" అనము. "పాత" అంటాము. ఈ పాతకు పాత చీర, పాత ఇల్లు అన్నప్పటి అర్థం కాదు. "పాత కాపు" అన్నప్పటి అర్థం. అంటే ఆ పనిలో ఆరితేరినవాడు, ఇంకా అందులోనే ఉన్నవాడు, మళ్ళీ చేస్తాడని ఎదురుచూడదగినవాడు. ఆవిడ తమ్ముడికి జరిగిపోయిన కాలాన్ని నేను కొనసాగుతున్న కాలంగా మార్చి అచ్చు వేశాను.

ఇంకో సంగతి. అవినీతి కేసులో శిక్ష పడిన నాయకుడు వార్తల్లో ఏమవుతాడు? మాజీ మంత్రిగానే ఉంటాడు. ఆయన్ని పాత నేరస్థుడు అని రాసిన శీర్షిక నా అనుభవంలో ఒక్కటీ లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్ళు, ఆ పైన శిక్ష పడితే విడుదలైన తర్వాత మరో ఆరేళ్ళపాటు పోటీకి అనర్హులు. ఆ ఆరేళ్ళూ గడిస్తే నామినేషన్ వేయవచ్చు. అంటే చట్టసభలో కూర్చునే అర్హతకు కూడా చట్టం ఒక లెక్క పెట్టింది, ఆ లెక్క తీరితే సరే అంది. ఎలక్ట్రీషియన్ విషయంలో మా మెట్ల మీద ఆ లెక్క పెట్టేవాళ్ళెవరూ లేరు.

నేరంలో నివాసం

మాటలను దగ్గరగా చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. నేరస్థుడు అనే మాట తీసుకోండి. గృహస్థుడు ఇంట్లో ఉండేవాడు, గ్రామస్థుడు గ్రామంలో ఉండేవాడు, తటస్థుడు ఒడ్డున నిలబడ్డవాడు, మధ్యస్థుడు మధ్యలో నిలబడ్డవాడు. "స్థ" అంటేనే ఉండటం, నిలవడం. ఆ తోకను తెచ్చి నేరానికి తగిలించాం. కొందరు నేరస్తుడు అని ఒత్తు లేకుండా రాస్తారు, అది వేరే చర్చ. కానీ నా చెవికి మాత్రం ఈ మాటలో ఎప్పుడూ ఒక చిరునామా వినిపిస్తుంది. నేరం చేసినవాడు అని కాదు, నేరంలో కాపురం ఉన్నవాడు అని. గ్రామస్థుడు పట్నం వెళ్ళిపోతే గ్రామస్థుడు కాకుండా పోతాడు. నేరస్థుడు ఎక్కడికి వెళ్ళాలి?

దోషి అనే మాట కొంత మెరుగు. కోర్టు తీర్పులో "ముద్దాయిని దోషిగా నిర్ధారించడమైనది" అన్న వాక్యం చదివితే, ఒక తేదీన, ఒక చోట, ఒక విచారణ తర్వాత పడిన మాట అని తెలుస్తుంది. పైగా దోషం మనకు పరిహారం ఉన్న సరుకు. జాతక దోషానికి శాంతి చేస్తాం, ఉచ్చారణ దోషాన్ని దిద్దుకుంటాం, అచ్చు దోషానికి పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తాం. దోషం పోయేదే అని భాషకు తెలుసు. మనిషిని తగులుకున్నప్పుడు మాత్రం మరిచిపోతుంది.

శిక్ష అనే మాటా అంతే. సంస్కృతంలో దాని అసలు అర్థం నేర్పడం. హిందీలో ఇప్పటికీ చదువుకే శిక్ష అంటారు. మనం శిక్షణను బడికి, శిక్షను జైలుకు పంచేశాం. అయినా ఆ రెండు మాటలూ ఒకే కడుపున పుట్టాయి. ఆ ఎలక్ట్రీషియన్ లోపల వైరింగు నేర్చుకున్నారని విన్నప్పుడు నాకు మొదట తట్టింది ఇదే.

ముద్దాయి కథ మరీ విచిత్రం. ఉర్దూ, హిందీల్లో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. ఎవరి మీద వేశాడో అతను ముద్దాలేహ్. తెలుగులోకి వచ్చాక ఆ మాట బోనులో అవతలి పక్కకు వెళ్ళి నిలబడింది. మనకు ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఇంత పెద్ద మాట ఇంత పెద్ద పల్టీ కొట్టినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు, కోర్టులు నడుస్తూనే ఉన్నాయి. "వాడుక అలా స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చలేం" అని ఎవరైనా అన్నప్పుడల్లా నేను ముద్దాయిని గుర్తుచేస్తాను.

ఇక అసలు తీర్పుతో పనే లేని మాటలున్నాయి. కేడీ అని తిడుతుంటాం. అది "నోన్ డిప్రడేటర్", అంటే పోలీసులకు తెలిసిన దోపిడీదారు, అనే పోలీసు రికార్డు మాటకు పొడి అక్షరాలు. ఠాణాలో ఒక దస్త్రం మీద రాసుకునే గుర్తు నోటి మాటగా మారి, చివరికి అల్లరి చేసే పిల్లల దాకా వచ్చింది. రౌడీషీటర్ కూడా అలాంటిదే. షీటు తెరవడానికి ఏ కోర్టూ దోషి అని తేల్చి ఉండనక్కరలేదు. కానీ వార్తలో ఆ మాట చదివినవారికి తీర్పు అయిపోయినట్టే ఉంటుంది.

ఖైదీ అన్నప్పుడు కూడా మనం ఇదే పొరపాటు చేస్తాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు ఇంకా దోషులుగా తేలనివారు. వారిలో ఎందరో రేపు నిర్దోషులుగా బయటికి వస్తారు. అప్పుడు కూడా వారు మా పై అంతస్తు ఆవిడకు "జైలుకు వెళ్ళొచ్చినవాడే".

పోయిన "రు"

తెలుగులో ఇంకో శిక్ష ఉంది. దాన్ని ఏ న్యాయమూర్తీ విధించడు. అరెస్టు వార్త పత్రికకు చేరగానే డెస్కులో మేమే విధిస్తాం. నిన్నటి వరకు "ఆయన వ్యాపారం చేసేవారు" అయిన మనిషి ఇవాళ "అతడు మోసం చేశాడు" అయిపోతాడు. ఆ "రు" తీసేయడానికి దోషి అని తేలనక్కరలేదు, అభియోగ పత్రం కూడా అక్కరలేదు. పోలీసులు విలేకరుల ముందు నిలబెడితే చాలు. అదే పెద్ద నాయకుడు అరెస్టయితే "ఆయనను అదుపులోకి తీసుకున్నారు, ఆయన అస్వస్థతకు గురయ్యారు" అని రాస్తాం. ఇన్నేళ్ళు ఈ పని చేసిన చేత్తో చెబుతున్నాను. ఎవరికి "రు" ఉంచాలో, ఎవరికి తీయాలో మాకు ఏ నియమావళీ చెప్పలేదు. చేతికే తెలిసిపోయేది. అందుకే నాకు అది ఇప్పుడు ఎక్కువగా బాధ కలిగిస్తుంది.

విడుదలైన తర్వాతనైనా ఆ "రు" తిరిగి రావాలి కదా. రాదు. ప్రభుత్వం ఆగస్టు 15కో, జనవరి 26కో కొందరిని విడుదల చేస్తూ "సత్ప్రవర్తన కలిగిన ఖైదీలు" అని జీవోలో రాస్తుంది. సత్ప్రవర్తన అని ప్రభుత్వం ముద్ర వేసి పంపిన మనిషిని గేటు బయట మనం పాత పేరుతోనే అందుకుంటాం. హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ళ శాఖ పెట్రోలు బంకు ఉంది. అక్కడ పనిచేసేవారు ఖైదీలు. కొలత సరిగ్గా ఉంటుందని దానికి పేరు. పనిగట్టుకుని వెళ్ళి అక్కడే పోయించుకునేవాళ్ళు నాకు తెలుసు. ఆ చేతిలో గొట్టం ఉన్నంతసేపు నమ్ముతారు. అదే మనిషి రేపు విడుదలై అద్దె ఇల్లు అడిగితే మాత్రం ఆ నమ్మకం ఏమవుతుందో నాకు అర్థం కాదు.

ఊరికి ఊరే

ఒక మనిషికి అంటుకున్న మాట పోకపోవడం ఒక ఎత్తు. ఊరికి అంటుకున్న మాట ఇంకో ఎత్తు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని కొన్ని జాతులను జాబితా కట్టింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ పర్యవేక్షణలో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో ఉంచారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ఆ స్టువర్టుపురం పేరు పక్కన దొంగలు అనే మాట లేకుండా నా చిన్నతనంలో నేను వినలేదు. నా ఈడువాళ్ళెవరూ విని ఉండరు. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ దొంగతనం చేసింది? ఏ మేజిస్ట్రేటు తీర్పు చెప్పాడు?

1952లో ఆ చట్టం రద్దయింది. జాబితాలోని జాతులకు "విముక్త జాతులు" అని పేరు వచ్చింది. విముక్త. చూడండి, నేరం అనే మాట పక్కన విడుదల అయిపోయింది అని చెప్పే మాట ఒకటి మన దగ్గర ఉంది. దాన్ని ఏ నేరమూ రుజువు కానివారికి, ఎనభై ఏళ్ళ తర్వాత ఇచ్చాం. ఇచ్చి కూడా పూర్తిగా ఇవ్వలేదు. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో ఆ పాత ముద్ర "అలవాటుపడ్డ నేరస్థులు" అనే పేరు చాటున ఉండిపోయింది. జైళ్ళలో కుల వివక్ష మీద 2024 అక్టోబరు 3న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ సంగతిని ఎత్తి చూపాల్సి వచ్చింది. రద్దయిన చట్టం డెబ్బై రెండేళ్ళ తర్వాత కూడా మాటలో బతికే ఉంది.

చట్టం చేసిన మంచి పని కూడా ఒకటి చెప్పాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో, పిల్లలకు సంబంధించిన ప్రక్రియలో నింద మోపే మాటలు వాడరాదని ఒక సూత్రంగానే రాశారు. నిందితుడు, నేరస్థుడు వంటి మాటలకు అక్కడ చోటు లేదు. "చట్టంతో ఘర్షణపడిన బాలుడు" అనాలి. మాట గాయం చేస్తుందని పార్లమెంటు ఒప్పుకుందన్నమాట. ఆ ఒప్పుకోలు పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర ఆగిపోయింది.

ఆవిడ నన్ను ఆపిన చోటు

ఇంతవరకూ రాసి నేను సంతోషంగా ముగించగలను. కానీ ఒకసారి ఈ వాదనే ఒక సభలో చేశాను. మాజీ అనే మాట అందరికీ దక్కాలి అన్నాను. సభ అయ్యాక ఒకావిడ దగ్గరికి వచ్చారు. చాలా ఏళ్ళ కిందట ఆవిడ భర్తను ఒకతను చంపాడు. శిక్ష అనుభవించి అతను తిరిగి అదే ఊరికి వచ్చాడు. ఆవిడ కోపంగా లేరు. నెమ్మదిగా అన్నారు: "అతను మాజీ అయ్యాడు సరే. మా ఆయన మాజీ మృతుడు కాలేదు కదమ్మా."

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు నాకు ఉందని ఇప్పటికీ అనుకోను. శిక్షను బాకీతో పోల్చడం నాకు అలవాటు. అప్పు తీర్చి, ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకున్నాక ఎవరినీ బాకీదారుడు అనం కదా అని వాదించేదాన్ని. ఆవిడ ముందు ఆ పోలిక నిలవలేదు. పదేళ్ళ జైలు ఒక ప్రాణానికి చెల్లు రాయదు. నేరం చేసినవాడు బాకీ తీర్చినది రాజ్యానికి. ఆవిడకు ఎవరూ ఏమీ తీర్చలేదు.

భద్రత ప్రశ్న కూడా ఉంది. పిల్లల మీద లైంగిక నేరానికి శిక్షపడిన మనిషి బడి పక్కన ఇల్లు తీసుకుంటే తల్లిదండ్రులకు తెలియనక్కరలేదా? తెలియాలని నా మనసు వెంటనే అంటుంది. మన దేశంలో లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధిని 2018లో ప్రారంభించారు. దాన్ని చూసే వీలు దర్యాప్తు సంస్థలకే ఇచ్చారు, ఊరందరికీ కాదు. అది సరైన గీతే అని నా అభిప్రాయం. బడిలో ఉద్యోగం ఇచ్చే ముందు ఆరా తీయడం వేరు, వీధి చివర వేలు చూపడం వేరు. కానీ ఇది నాకు తేలిగ్గా వచ్చిన అభిప్రాయం కాదు. బిడ్డ చేయి పట్టుకుని నడిచే ఎవరైనా నన్ను తిడితే పడతాను.

ఇంకొకరు అనేది: మాట మారిస్తే ఏమవుతుంది? వికలాంగులను దివ్యాంగులు అన్నారు, బస్సు మెట్టు ఎత్తు తగ్గిందా? ఇది నిజం. మెత్తని కొత్త మాట కనిపెట్టి ఊరుకోవడం నాకూ ఇష్టం లేదు. "చట్ట ప్రక్రియ ద్వారా ప్రభావితులు" లాంటి పదబంధం ఒకటి తయారుచేసి ఇస్తే ఆ చనిపోయిన మనిషి భార్య ముఖం చూడలేను. నేరాన్ని దాచే మాట నాకు అక్కరలేదు.

ఆవిడ మాటనే మళ్ళీ మళ్ళీ తలుచుకుంటుండగా ఒకటి గమనించాను. ఆ సాయంత్రం ఆవిడ అతని గురించి అరగంట మాట్లాడారు. ఒక్కసారి కూడా హంతకుడు అనలేదు. "మా ఆయన్ని చంపినతను" అన్నారు ప్రతిసారీ. తెలుగు మనకు ఇచ్చిన ఈ సౌకర్యాన్ని ఇన్నేళ్ళు డెస్కులో కూర్చున్న నేను చూడలేదు. చంపిన, దొంగిలించిన, మోసం చేసిన. భూతకాలం ఆ మాటలోనే కూర్చుని ఉంది. దొంగ అంటే ఎప్పుడు దొంగిలించాడో తెలియదు. నిన్ననా, ముప్పై ఏళ్ళ కిందటా, రేపా? దొంగతనం చేసినవాడు అంటే తెలుస్తుంది, అయిపోయింది. "చంపినతను" అన్న మాట ఆ నేరంలో ఒక్క గ్రాము తగ్గించదు. ఆవిడకు ఎన్నేళ్ళైనా అది నిజమే. అతను మరణించే రోజుకూ నిజమే. కానీ ఆ మాట అతను ఇవాళ ఏమిటో చెప్పడానికి ప్రయత్నించదు.

కాబట్టి నేను ఇప్పుడు మాజీ కోసం వాదించడం మానేశాను. నా పట్టు క్రియ మీద. శిక్ష అనుభవిస్తున్నంత కాలం ఖైదీ అనండి, అది ఉన్న సంగతి. విడుదలయ్యాక ఖైదీ అనకండి, అది లేని సంగతి. చేసిన పని చెప్పాల్సిన అవసరం నిజంగా ఉంటే, క్రియలో, తేదీతో చెప్పండి. "2005లో దొంగతనం కేసులో శిక్ష అనుభవించిన ఫలానా వ్యక్తిని పోలీసులు ప్రశ్నించారు" అని రాయవచ్చు. ఒకే కాలమ్‌లో పట్టదు, నాకు తెలుసు. రెండు కాలమ్‌లు ఇవ్వండి. ఆ అక్క బల్ల మీద పెట్టిన కాగితం మీద అచ్చంగా అవే వివరాలు ఉన్నాయి: ఏ కేసు, ఎంత శిక్ష, ఏ తేదీన విడుదల. నేను వాటిని మూడు ముక్కలకు కుదించాను.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటారు. మళ్ళీ నేరం చేసేవాళ్ళు ఉన్నారు, నేను కాదనను. మళ్ళీ చేసిననాడు మళ్ళీ క్రియ వాడదాం. ముందే వాడటానికి మనకు హక్కు లేదు.

కిందటి వారం ఇంట్లో స్విచ్ బోర్డు ఒకటి మార్చాల్సి వచ్చి ఆ ఎలక్ట్రీషియన్‌నే పిలిచాను. టీ తాగుతూ ఆయన జైలు సంగతి ఆయనే ఎత్తారు. పైవాళ్ళు నాతో చెప్పి ఉంటారని ఊహించినట్టున్నారు. "నా చేతిలో ఒక మనిషి పోయాడమ్మా. ఎవరు అడిగినా చెబుతాను, దాచను. వాళ్ళ అబ్బాయి పెళ్ళికి దూరం నుంచి చూసి వచ్చాను, లోపలికి వెళ్ళలేకపోయాను" అన్నారు. నేను ఏమీ అనలేదు. గ్లాసు పక్కన పెట్టి, "మెయిన్ ఆపారా?" అని నన్ను అడిగి, ఆపానని చెప్పినా టెస్టరు తీసి రెండుసార్లు చూసుకున్నారు.